అరంగుళంలో అడవిపంది: మా 'మంచె' ఆటకు ముఖచిత్రం గీసిన అనుభవం

కంప్యూటర్‌లో, ఫోన్‌లో ఆడుకునేలా మేం చేసిన పత్తాలాట (పేకముక్కల ఆట) పేరు 'మంచె'. యాసంగిలో పల్లి చేను మీద పడే అడవిపందుల్ని, జొన్నకంకుల మీద వాలే చిలుకల్ని కాపలా కాయడమే ఆట. చేతిలో ఒడిసెల, డబ్బా, కాగడా, కుక్క, పాత చీరల కంచె లాంటి పత్తాలుంటాయి. పొద్దుగూకినప్పటి నుంచి తెల్లారేదాకా ఒక్కో జాములో కొన్ని జంతువులు చేన్లోకి దిగుతాయి. ఏది ఇప్పుడు వాడాలి, ఏది ఆఖరి జాముకు దాచుకోవాలి అన్న దగ్గరే తెలివంతా. కోడ్ రాసింది మా బావ, హైదరాబాద్‌లో ఉంటాడు. బొమ్మలు నావి. నేను మహబూబ్‌నగర్‌లో, మెట్టుగడ్డ దగ్గర ఉంటాను.

ఆటలోని పత్తాలన్నీ గీయడం ఒక ఎత్తు, స్టోరులో కనిపించే ఆ ఒక్క ముఖచిత్రం గీయడం ఒక ఎత్తు. పత్తా మీది బొమ్మను ఆట తీసుకున్నవాళ్లు తీరిగ్గా చూస్తారు, పదే పదే చూస్తారు. ముఖచిత్రాన్ని చూసేది మన పేరు కూడా ఎన్నడూ వినని మనిషి. అదీ వరుసగా పేర్చిన ఎన్నో బొమ్మల నడుమ, వేలితో పైకి తోసేస్తూ. ఆ కాస్త సేపట్లోనే ఆట పేరు, ఆటలో చేయాల్సిన పని అతనికి అందాలి. గోడకు తగిలించుకునే పటం గీసినట్టు గీస్తే ఈ పని జరగదు. నేను ఈ బొమ్మ గీస్తూ నేర్చుకున్నదంతా ఈ ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది.

కంప్యూటర్ ఆటలు అమ్మే ఆన్‌లైన్ స్టోరు స్టీమ్‌లో ఈ బొమ్మల్ని క్యాప్సూల్ అంటారు. ఒక్కటి ఇస్తే సరిపోదు. పేజీ నెత్తిన వచ్చే హెడర్ 920 × 430 పిక్సెళ్లు, మొదటి పేజీలో తిరిగే పెద్దది 1232 × 706, నిలువుది 748 × 896, చిన్నది 462 × 174, కొన్నాక లైబ్రరీలో కనబడేది 600 × 900. అంకెల్లో చూస్తే చిన్నది కూడా పెద్దగానే ఉంది కదా అనిపిస్తుంది. కానీ ఎవరైనా ఏదైనా వెతికినప్పుడు వచ్చే జాబితాలో ఆ చిన్నదే 120 × 45కు కుంచించుకుపోతుంది. ల్యాప్‌టాప్ తెర మీద స్కేలు పెట్టి చూశాను, ఎత్తు అరంగుళం కూడా రాలేదు.

అందుకే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ క్రిటాలో కాన్వాసును 120 × 45 కొలతతోనే తెరిచాను. అంత చిన్న జాగాలో వివరాలు పెడదామన్నా కుదరదు. నల్ల ముద్ద ఎక్కడ, వెలుగు ముద్ద ఎక్కడ, పేరు ఎక్కడ అన్నది మాత్రమే అటూ ఇటూ జరుపుకుంటూ చూడాలి. అక్కడ నిలబడ్డదాన్నే పెద్దగా గీసుకోవాలి. పెద్ద బొమ్మ గీసి కుదించే అలవాటున్న నా చేతికి ఇది కొత్త పని. కానీ ముఖచిత్రం విషయంలో ఈ వరుస తప్ప ఇంకో వరుస లేదని ఇప్పుడు గట్టిగా నమ్ముతాను.

ఆట పేరు మంచె కాబట్టి ముందు మంచెనే పెట్టి చూశాను. నాలుగు గుంజలు, అడ్డకర్రలు, వరిగడ్డి పరుపు, పైన కప్పు, దాని మీద ఒడిసెల తిప్పుతున్న మనిషి, వెనక చంద్రుడు. పెద్దగా ఉన్నప్పుడు ముచ్చటగా ఉంది. 120 పిక్సెళ్లకు దిగేసరికి గుంజలు పూర్తిగా మాయమై, మనిషి గాల్లో తేలుతున్నాడు. ఒడిసెల తాడు సంగతి చెప్పక్కరలేదు. సన్నగా ఉండేది ఏదీ ఆ కొలతలో బతకదు. పైగా ఆ బొమ్మలో పాట వినబడుతుంది, ప్రశాంతంగా ఉంటుంది. మా ఆటలో ప్రశాంతత లేదు, ఆఖరి జాములో చేతిలో ఒక్క పత్తా మిగిలి, ఎదురుగా మంద వచ్చి నిలబడుతుంది. ఆడేవాడు ఎదుర్కొనేది పందిని. ముఖచిత్రం మీద ఉండాల్సిందీ అదే.

"పంది సరే, పత్తాలాట అని తెలవాలె గదా" అన్నాడు బావ. అతను చెప్పిందీ నిజమే. పత్తాలాటలు ఇష్టపడేవాళ్లు పత్తాల కోసమే వెతుకుతారు. ఐదారు పత్తాలు విప్పి పట్టుకున్న చెయ్యిని కింద పెట్టమన్నాడు. నేను ఒప్పుకోలేదు. మన దగ్గర అలాంటి బొమ్మ చూడగానే ఎవరికైనా గుర్తొచ్చేది రమ్మీ. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణలో 2017లోనే గేమింగ్ చట్టాన్ని సవరించి నిషేధించారు. 2025లో డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటల మీద కేంద్రం కూడా చట్టం తెచ్చింది. చట్టాల మాట అటుంచి, ఊర్లల్లో పత్తాలాట అంటే ఇల్లు గుల్ల చేసే పని అనే లెక్క. మేం చేస్తున్నది పత్తాలాట అని చెప్పిన రోజు మా అమ్మ ముఖం మాడిపోయింది. ఫోన్‌లో తెరిచి, పల్లి చేను చూపించి, పందుల్ని చూపించాక గానీ తేరుకోలేదు.

బావ ఒప్పుకున్నది మాత్రం బలాట్రో అనే పత్తాలాట సంగతి చెప్పాక. 2024 ఫిబ్రవరిలో వచ్చిన ఆ ఆటలో డబ్బు పందెమే లేదు. అయినా పోకర్ పద్ధతులు, పేకముక్కల బొమ్మలు ఉన్నందుకు యూరప్‌లో 18 ఏళ్లు దాటినవాళ్లకే అన్న రేటింగ్ వేశారు. అప్పీలు చేసుకుంటే 2025 ఫిబ్రవరిలో దాన్ని 12కు తగ్గించారు. అంత పేరున్న ఆటకే ఆ చిక్కు వచ్చినప్పుడు, మేం ఇద్దరం కలిసి చేసిన ఆటను రమ్మీ యాప్ అనుకుని దాటేస్తే ఆపి నచ్చజెప్పేవాళ్లు ఎవరుంటారు? అయితే బలాట్రో ముఖచిత్రం నుంచి ఒకటి నేర్చుకున్నాను. ఎర్ర, నీలి రంగుల సుడి, దాని మీద తెల్లటి పెద్ద పేరు. ఎంత కుదించినా చెక్కుచెదరదు.

చివరికి తేలింది ఇది: పత్తా ఒక్కటే, పెద్దగా, కొంచెం ఒరిగి, మూలలు గుండ్రంగా. దాని మీద ఆఠీను లేదు, ఇస్పేటు లేదు, అంకె లేదు. పత్తా లోపలి నుంచి పంది తల బయటికి దూసుకొస్తుంది. ముట్టె, కోర పత్తా అంచు దాటి ఇవతలికి వచ్చేశాయి. ఆ అంచు దాటడంలోనే రెండు పనులూ అయిపోయాయి. ఇది పత్తా అని తెలుస్తుంది, పత్తా మీదికి వస్తున్నదేదో ప్రమాదమని తెలుస్తుంది. పత్తాల వెనకవైపు డిజైన్‌ను పుట్టపాకలో నేసే తేలియా రుమాలు బట్ట గళ్ల నుంచి తీసుకున్నాను, ఎరుపు, నలుపు, తెలుపు మూడే రంగులు. అదంటే నాకు ప్రాణం. ముఖచిత్రం మీద కూడా ఒక మూలకు పెట్టాలని చాలా ఆశపడ్డాను. ఆ కొలతలో గళ్లు గళ్లుగా ఉండవు, బూడిద రంగు మసకగా మారతాయి. తీసేశాను. ఆట తెరిచినవాళ్లు దాన్ని ఎలాగూ చూస్తారు.

పంది బొమ్మ దగ్గర చాలాకాలం ఉన్నాను. తల ఎదురుగా ఉంటే భయం ఎక్కువ పుడుతుందని మొదట ముఖాన్ని నేరుగా గీశాను, కళ్లను కాగడా వెలుగులో మెరిపించాను. బిజినేపల్లి అవతల మా పెద్దనాయనకు పల్లి చేను ఉంది. ఎన్నో యాసంగులు రాత్రిళ్లు కాపలా పడుకున్న మనిషి. ఫోన్ కొంచెం దూరం పట్టుకుని చూసి, "గివేం కండ్లురా? లైటు కొడితే కుక్కకండ్లు మెరుస్తయి, పిల్లికండ్లు మెరుస్తయి. పందికండ్లు ఏడ మెరుస్తయి? ముంగటికొచ్చి గుర్రుమనేదాక అది ఉన్నట్టే తెల్వది" అన్నాడు. తర్వాత చదివితే తెలిసింది. కుక్కకు, పిల్లికి కంటిపాప వెనక వెలుగును తిప్పికొట్టే పొర ఉంటుంది, పందికి ఆ పొర లేదు. అందుకే రాత్రిపూట దాని ఉనికి అంత సులువుగా తెలియదు.

ఆ ఒక్క మాట బొమ్మను పూర్తిగా మార్చేసింది. కన్ను ఒక నల్ల చుక్కగా మిగిలింది. మెరుపంతా కోరకు ఇచ్చాను. మొత్తం బొమ్మలో అన్నిటికన్నా తెల్లనిది ఆ కోరే. చూసేవాడి చూపు ముందు అక్కడికే పోతుంది. ముఖాన్ని కూడా పక్కకు తిప్పాను. ఎందుకంటే నేరు ముఖాన్ని కుదించి వీధిలో పిల్లలకు చూపిస్తే "గుడ్డెలుగు" అన్నారు. పక్కనుంచి చూస్తే పొడుగాటి ముట్టె, పైకి తిరిగిన కోర, వెన్ను మీద నిక్కబొడుచుకున్న వెంట్రుకలు మూడూ గీతలోనే తెలిసిపోతాయి. లోపల రంగు నింపకపోయినా, ఉత్త నల్ల ఆకారం చూసి పంది అనగలగాలి. అలా అనిపించేదాకా వెంట్రుకల కుదుళ్లను లావు చేసుకుంటూ, సంఖ్య తగ్గించుకుంటూ పోయాను.

చీరల కంచె కూడా పెద్దనాయన చేను నుంచే వచ్చింది. పందులు రాకుండా చేను చుట్టూ కర్రలు పాతి పాత చీరలు కడతారు. గాలికి కదులుతుంటే మనుషులున్నారని బెదురుతాయని. మన వైపు రోడ్డు మీద పోతుంటే ఇరువైపులా కనబడేదే. ఆటలో అదొక పత్తా. ముఖచిత్రంలో పత్తా కింది అంచు పొడుగునా ఎర్ర చీర కట్టాను, కోర తగిలిన చోట అది చినిగి ఉంటుంది. కంచె తెగింది, పంది లోపలికొచ్చింది, ఇప్పుడు ఆపాలి. ఆట సంగతి ఇంతకన్నా తక్కువలో చెప్పడం నాకు చేతకాదు. బొమ్మ మొత్తంలో నిండు ఎరుపు ఈ చీర ఒక్కటే.

రంగుల విషయంలో గుర్తుంచుకోవాల్సింది, బొమ్మ ఎక్కడ కూర్చుంటుందో ఆ గోడ రంగు. స్టీమ్ పేజీ ముదురు నీలం. రాత్రి ఆట కదా అని వెనక ముదురు నీలి ఆకాశం పెడితే బొమ్మ అంచులు పేజీలో కలిసిపోయి, అక్కడ ఏమీ లేనట్టే ఉంది. ఆటలు పెట్టే ఇంకో సైటు ఇచ్ ఐఓలో, ఫోన్లలో తెల్లటి పేజీలు కూడా ఎదురవుతాయి. రెంటి మీదా నిలబడేదాని కోసం వెనకంతా కాగడా మంట రంగు పరిచాను, మధ్యలో పసుపు, అంచులకు పోయేకొద్దీ ఇటుక రంగు. దాని ముందు పంది నల్లగా. తర్వాత రంగులన్నీ తీసేసి నలుపు తెలుపుల్లో చూశాను. అందులోనూ పంది, కోర, పేరు విడివిడిగా కనబడాలి. మొదట్లో చీర ఎరుపు, వెనక ఇటుక రంగు ఒకే బూడిద రంగుగా కలిసిపోయాయి, చీర అంచుకు సన్నటి పసుపు వెలుగు గీస్తే విడిపోయాయి.

మధ్యలో బావ ఏఐతో చేయిద్దామని కొన్ని బొమ్మలు తీసి పంపాడు. మెరిసిపోతున్నాయి. మంచె మాత్రం చెట్టు మీద కట్టిన చెక్క ఇల్లయింది. చేను ఏ దేశానిదో. 2024 జనవరి నుంచి అలాంటి బొమ్మలు వాడితే స్టీమ్‌కు చెప్పాలి, పేజీ మీద కూడా ఆ సంగతి కనబడుతుంది. ఆ నిబంధన లేకపోయినా నా మాట మారేది కాదు. చీరల కంచె ఎందుకు కడతారో తెలిసిన చెయ్యి గీస్తేనే అది చీరల కంచె అవుతుంది.

ఇక పేరు. జడ్చర్లలో మా చిన్నాయన బోర్డులు రాస్తాడు. ఫ్లెక్సీలు వచ్చి ఆ పని చాలా మటుకు పోయినా గోడల మీద రాతలు ఇంకా రాస్తున్నాడు. ల్యాప్‌టాప్‌లో ఒక ఫాంటు తీసుకుని తెలుగులో 'మంచె' అని పెట్టి చూపిస్తే, కళ్లద్దాలు సవరించుకుని "మంచి అని ఉందేందిరా?" అన్నాడు. కుదించినప్పుడు చ మీది ఎత్వం మూసుకుపోయి గుడి అయిపోయింది. మ లోపలి సందు పూడుకుపోయింది, సున్న నల్ల చుక్కయింది.

"బెంగుళూరు రోడ్డు మీద గోడ రాస్తం. బస్సుల కూసున్నోనికి ఒక్క సూపు దొరుకుతది. అచ్చరం ఎంత లావుంటే అంత మంచిదనుకోకు బిడ్డా. లోపలి ఖాళీ ఉండాలె. ఖాళీయే అచ్చరాన్ని సదివిస్తది" అన్నాడు. అట్ట ముక్క మీద బ్రష్షుతో రాసి చూపించాడు. సున్నలోని రంధ్రాన్ని గీత మందం కన్నా పెద్దది చేశాడు. ఎత్వాన్ని చ నుంచి కొంచెం పైకి లేపి, కొసను కుడివైపుకు బారుగా విప్పాడు, ఇక గుడి అని పొరబడే వీల్లేదు. మ లోపలి సందును వెడల్పు చేసి, దాని తోకను కురచ చేశాడు. పక్కన పెట్టి చూస్తే ఫాంటు అక్షరాల కన్నా సన్నగానే ఉన్నాయి, కానీ గది ఆ మూల నుంచి కూడా చదవగలిగాను.

గుంజల ఉపాయం కూడా ఆయనదే. "మంచె బొమ్మ ఎందుకు ఏరే? రాతనే మంచె చెయ్యి" అన్నాడు. అక్షరాల కింద ఒక అడ్డకర్ర, దాని కింద అక్షరాలంత మందంతో పొట్టి గుంజలు. గుంజలు ఇప్పుడు మాయం కావు, ఎందుకంటే అవి కూడా అక్షరాల్లో భాగమే. ఆ అట్టను ఫోటో తీసి, ఇంక్‌స్కేప్‌లో గీతలుగా మార్చుకున్నాను. స్టీమ్ కోసం ఇంగ్లిష్ అక్షరాల్లో ఇదే పద్ధతిలో, అదే అడ్డకర్ర మీద ఇంకోటి రాయించాను. చిన్న క్యాప్సూల్‌లో దాదాపు పేరే నిండాలని స్టీమ్ తన మార్గదర్శకాల్లో కూడా చెబుతుంది. కాబట్టి అందులో పేరు, ఒక పక్క ముట్టె, కోర. అంతే. పత్తాను కూడా వదిలేశాను.

కొందరు స్నేహితులు "పాలమూరు ఆట" అని రాయమన్నారు, ఇంకొందరు "కొత్తది" అని ఒక మూలకు పెట్టమన్నారు. 2022 సెప్టెంబరు 1 నుంచి స్టీమ్‌లో ఆ వీలు లేదు. ఈ బొమ్మల మీద ఆట పేరు, ఉంటే ఉపశీర్షిక తప్ప ఇంకే రాత ఉండకూడదు. సమీక్షల మార్కులు, అవార్డుల గుర్తులు, తగ్గింపు ధరలు ఏవీ కుదరవు. నాకు ఆ నిబంధన నచ్చింది. అరంగుళంలో ఇంకో మాటకు చోటెక్కడిది?

పరీక్షించడానికి స్టోరు జాబితా స్క్రీన్‌షాట్ తీసి, అందులో ఒక బొమ్మ స్థానంలో మాది అతికించి, మెట్టుగడ్డ దగ్గర టీ తాగేవాళ్లకు, పాలమూరు యూనివర్సిటీలో చదివే పిల్లలకు ఫోన్ చెయ్యి చాపి పట్టుకుని చూపించేవాణ్ని. "ఎట్లుంది?" అని అడిగితే అందరూ బాగుందనే అంటారు, మొహమాటం. అందుకే ఏది మాదో చెప్పకుండా ఫోన్ తీసేసి, ఏం గుర్తుందో అడిగేవాణ్ని. గుర్తున్నవాళ్లను ఆ ఆటలో ఏం చేస్తారనుకుంటున్నారని అడిగేవాణ్ని. పంది పత్తాతో "అదే పందిని ఆపాలె, చేన్ల పడ్డది గదా" అన్న జవాబు రావడం మొదలైంది. ఊరి నుంచి వచ్చిన పిల్లలకు చీర చూడగానే తెలిసిపోయింది. హైదరాబాద్‌లో బావ ఆఫీసువాళ్లకు చీర సంగతి తెలియదు, ఎర్ర గుడ్డ చినిగిందని మాత్రం గమనించారు. అదీ చాలు.

కొలతలు మారినప్పుడల్లా బొమ్మను కోసి సరిపెట్టడం కుదరదు. అడ్డం బొమ్మను కోసి నిలువు చేస్తే పందికి ముట్టె మిగిలింది, పేరు పోయింది. అందుకే పంది, పత్తా, చీర, మంట, పేరు వేర్వేరు లేయర్లలో ఉంచుకుని ఒక్కో కొలతకు మళ్లీ అమర్చాను. నిలువుదాంట్లో పేరు పైన, పంది కింద. లైబ్రరీ కోసం అడిగే 3840 × 1240 వెడల్పాటి బొమ్మ మీద రాత ఉండకూడదు, లోగోను విడిగా అడుగుతారు. అక్కడ మాత్రం నా మొదటి మంచెకు చోటు దొరికింది. గుంజలు, వరిగడ్డి, కప్పు, చంద్రుడు, దూరంగా పందుల మంద. ఆట కొన్నవాళ్లే చూసే చోటు కాబట్టి ప్రశాంతంగా ఉన్నా ఫరవాలేదు. ఇచ్ ఐఓలో 630 × 500 కొలతకు తెలుగు పేరుతోనే పెట్టాం.

ఇప్పుడు గూగుల్ ప్లే పని నడుస్తోంది. ఫీచర్ గ్రాఫిక్ 1024 × 500, అది హెడర్‌కు దగ్గరగా ఉంది కాబట్టి తేలికగానే అమరింది. ఐకాన్ 512 × 512. మూలల్ని ప్లే స్టోరే గుండ్రం చేస్తుంది, మనం చెయ్యకూడదు. ఫోన్‌లో ఐకాన్ కింద పేరు ఎలాగూ వస్తుంది కాబట్టి అక్షరాలు పెట్టలేదు. మంట రంగు మీద నల్ల ముట్టె, తెల్ల కోర, కింద చినిగిన ఎరుపు. చీర ఉంచాలా వద్దా అన్నది బావకూ నాకూ ఇంకా తెగలేదు. ప్లే కన్సోల్‌లో రెండు ఐకాన్లు పెట్టి వచ్చినవాళ్లలో కొందరికి ఒకటి, కొందరికి ఇంకోటి చూపించే ఏర్పాటు ఉంది, విడుదలయ్యాక రెండూ పెట్టి చూస్తాం. నా వరకు నేను చీర వైపే ఉన్నాను.